తాడు చేతిలోనే ఉండాలి

గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహనుల తొలినాటి నాణేలు దొరికాయి. ఆ వంశమే తర్వాతి కాలంలో సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడను అచ్చువేసింది. తెరచాపతో అంత పాత చుట్టరికం ఉన్నా, ఇవాళ కరీంనగర్‌లో మానేరు డ్యాం కట్ట మీద నిలబడితే కనిపించేవి తెడ్డు పడవలూ మోటరు బోట్లూ. నీళ్లున్నాయి, గాలీ ఉంది. తెరచాప మాత్రం లేదు. దాన్ని చూడాలంటే హైదరాబాద్ పోయి హుస్సేన్‌సాగర్ గట్టున నిలబడాలి.

అక్కడ 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పిల్లలు నడిపే అతిచిన్న పడవ పేరు ఆప్టిమిస్ట్. ముక్కు కోసేసినట్టు మొండిగా ఉంటుంది. ఆ మొండితనానికి కారణం ప్లైవుడ్. 1947లో అమెరికాలోని ఫ్లారిడాలో, క్లియర్‌వాటర్ అనే ఊళ్లో, పిల్లలకు చవకైన పడవ కావాలని ఆప్టిమిస్ట్ క్లబ్బు వాళ్లు క్లార్క్ మిల్స్ అనే పడవల మేస్త్రీని అడిగారు. ఖర్చు 50 డాలర్లు దాటొద్దన్నారు. ప్లైవుడ్ పలక పొడవు 8 అడుగులు. కొసదేరిన ముక్కు పెడితే పలక చాలదు, అందుకే ఆయన ముక్కు కోసేశాడు. ఇప్పుడు ఫైబర్‌తో చేస్తున్నారు, పడవ ఒళ్లు 35 కిలోలు. ఆకారం మాత్రం అదే. ప్రపంచమంతటా 15 ఏళ్లలోపు పిల్లలు తెరచాప నేర్చుకునేది ఎక్కువగా దీని మీదనే.

కొత్తగా ఎక్కినవాళ్లు గాలి వెనక నుంచి నెడితేనే పడవ పోతుందనుకుంటారు, నిజానికి పక్క నుంచి వచ్చే గాలికే అది ఉషారుగా సాగుతుంది. వంపు తిరిగిన చాప గాలిని పక్కకు మళ్లిస్తుంది. బయటి వంపు మీద గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది, చాప అటు లాగుతుంది. ఆ లాగుడులో కొంత భాగం పక్కకు ఉంటుంది. పడవ మధ్యలో నీళ్లలోకి దింపిన పలక దాన్ని పక్కకు జారనీయదు. ఇక మిగిలిన దారి ముందుకే. సీతాఫలం గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే ఎట్లా చిమ్ముతుందో, అట్లా. గాలి వచ్చే దిక్కుకు మాత్రం నేరుగా పోలేదు. అటూ ఇటూ దాదాపు 45 డిగ్రీల మేర విడిచి, వంకరటింకరగా ఎక్కాలి.

ఇక చాపను బిగించే, వదిలే తాడు సంగతి. చాప రెపరెపలాడేదాకా తాడు వదలాలి, రెపరెప ఆగేదాకా లాగాలి, అక్కడే ఆపాలి. మొదటి పాఠం ఇంతే, కానీ చేతికి పట్టుబడటం కష్టం. కొత్తవాళ్లందరూ బిగించి కూర్చుంటారు. బిగిస్తే వేగం వస్తుందని మనసు చెబుతుంది. జరిగేది వేరు. చాప వెనక గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది, పడవ ఒరుగుతుంది, ముందుకు కదలదు.

ఈ తప్పును కంటికి చూపించడానికి చాపకు రెండువైపులా చిన్న ఉన్ని పోగులు అంటిస్తారు. నా కంటికి పడవలో అన్నిటికన్నా తెలివైన భాగం అదే. గాలి వచ్చే వైపు పోగు ఎగిరెగిరి పడితే తాడు లాగాలి. అవతలి వైపు పోగు తడబడితే వదలాలి. రెండూ వెనక్కి సాఫీగా పరుచుకుంటే చాప సరిగ్గా ఉన్నట్టు. మన దగ్గర వడ్లు తూర్పారబట్టే ముందు రైతు గుప్పెడు దుమ్ము వదిలి గాలిని చూసేదీ ఇందుకే. కంటికి కనిపించని గాలి నడకను కనిపించే వస్తువులో చదవడం.

చెరువు గాలి సముద్రపు గాలిలాగా నిలకడగా ఉండదు. భవనాలూ చెట్లూ దాన్ని ముక్కలు చేస్తాయి. నీటి మీద నల్లటి గరుకు మరక దగ్గరికి వస్తోందంటే ఈదురు వస్తున్నట్టే. అది తగలగానే పిల్లలు పడవ అంచుకు వెనక్కి వాలతారు, సరిపోకపోతే జానెడు తాడు వదులుతారు. పడవ లేచి నిలబడుతుంది. అందుకే ఆ తాడును పడవకు ఎప్పుడూ ముడివేయరు. పదేళ్ల పిల్ల పిడికిట్లోనే ఉంటుంది.