ఫ్లాపీ డిస్కులలోని తెలుగు రాతప్రతులు: ఎమ్‌టూల్స్‌తో పఠనం, పరిరక్షణ

ప్రవేశిక:

తాళపత్ర ప్రతిని పరిష్కరించే పరిశోధకుడు పాఠంతోపాటు లేఖకుని గద్యను, లేఖనకాలాన్ని, శిథిల పత్రాల వివరాలను కూడా నమోదు చేస్తాడు. 1990వ దశకంలో కంప్యూటరుపై కూర్చిన సిద్ధాంతవ్యాసాలు, నవలలు ఫ్లాపీ డిస్కులలో మిగిలి ఉన్నచోట మనం ఆ శ్రద్ధ చూపడం లేదు. ఫైలును కాపీ చేసుకొని డిస్కును పక్కన పెడుతున్నాం. డిస్కు కూడా ఒక ప్రతియే అన్న దృష్టితో దానిని చదివే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

డిస్కులో ఉన్నదేమిటి?

1.44 ఎంబీ ఫ్లాపీలో 2,880 సెక్టార్లు ఉంటాయి. సెక్టారుకు 512 బైట్ల చొప్పున మొత్తం 14,74,560 బైట్లు. డాస్ వ్యవస్థ వీటిని ఫ్యాట్12 పద్ధతిలో అమర్చింది. ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, పొడిగింపుకు మూడు మాత్రమే దక్కేవి. పొడవైన పేర్లు విండోస్ 95తో వచ్చాయి. ప్రతి ఫైలుకూ 32 బైట్ల నమోదు ఉంటుంది. ఫైలును చివరిసారి మార్చిన తేదీ, సమయం అందులోనే ఉంటాయి. అయితే తేదీ 1980 జనవరి 1 అని కనిపిస్తే అది రచనాకాలం కాదు, ఆ యంత్రంలో గడియారం సరిగా లేదని అర్థం.

పాఠపరిష్కర్తకు ముఖ్యమైన విషయం మరొకటుంది. డాస్‌లో ఫైలును తొలగిస్తే పేరులోని మొదటి బైటు మారుతుంది, ఆ ఫైలుకు కేటాయించిన చోటు ఖాళీ అయినట్లు నమోదవుతుంది. లోపలి పాఠం మాత్రం దానిపై మరొకటి రాసేవరకూ అలాగే ఉంటుంది. రచయిత కొట్టివేసిన చిత్తుప్రతి అక్కడ దొరికే అవకాశం ఉంది. ఫైళ్లను మాత్రమే కాపీ చేసుకున్నవారికి అది దక్కదు.

చదివే పద్ధతి:

మొదట డిస్కు మూలన ఉన్న చిన్న మీటను జరిపి రంధ్రం తెరవాలి. అప్పుడు దానిపై ఏదీ రాయబడదు. తరువాత లినక్స్‌లోని డీడీ ఆదేశంతో డిస్కు మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా దించుకోవాలి. డిస్కు దెబ్బతిని ఉంటే డీడీరెస్క్యూ మేలు. అది బాగున్న భాగాలను ముందుగా చదివి, చెడినచోట్లకు మళ్లీ వస్తుంది. చదవలేకపోయిన సెక్టార్ల పట్టికను విడిగా ఉంచుతుంది. తాళపత్రాలలో గ్రంథపాతాలను గుర్తించడం వంటిదే ఇది.

ఇక పని అంతా ఆ ఇమేజ్ మీదనే. ఇందుకు ఎమ్‌టూల్స్ ఉపయోగపడతాయి. ఎమెట్ గ్రే మొదలుపెట్టిన ఈ సాధనాలను అలెన్ నాఫ్, డేవిడ్ నీజ్‌వీకీ అభివృద్ధి చేశారు. డాస్ డిస్కును యూనిక్స్ వ్యవస్థకు అనుసంధానించకుండానే ఇవి చదువుతాయి. డాస్ ఆదేశాల ముందు ‘ఎం’ చేర్చితే వీటి పేర్లు వస్తాయి: జాబితాకు ఎమ్‌డిర్, ప్రతి తీయడానికి ఎమ్‌కాపీ, పాఠం చూడడానికి ఎమ్‌టైప్.

ఎమ్‌కాపీకి ‘ఎం’ అనే ఐచ్ఛికం తప్పక ఇవ్వాలి. లేకపోతే ప్రతికి ఆనాటి తేదీ పడుతుంది. ఒక పెద్దాయన ఇచ్చిన డిస్కులతో మొదటిసారి పనిచేసినప్పుడు నేను ఈ పొరపాటు చేశాను. పద్నాలుగు అధ్యాయాలూ ఒకేరోజు రాసినట్లు కనిపించాయి. ఇమేజ్ ఉంది కనుక సరిదిద్దుకోగలిగాను.

తెలుగు పాఠానికి ప్రత్యేకమైన చిక్కు కూడా ఉంది. యూనికోడ్‌కు ముందరి ఫాంట్లు తెలుగు అక్షరఖండాలను ఇంగ్లీషు సంకేతాల స్థానాలలో ఉంచాయి. 128 నుంచి 255 వరకు ఉన్న స్థానాలనూ విరివిగా వాడుకున్నాయి. ఎమ్‌టైప్‌లోని ‘ఎస్’ ఐచ్ఛికం ప్రతి బైటులో పై బిట్టును తీసివేస్తుంది. ఇంగ్లీషు పాఠానికి నష్టం లేదు గానీ, ఆ ఫలితాన్ని ఫైలుగా దాచుకుంటే తెలుగు పాఠం ధ్వంసమవుతుంది. ఎమ్‌కాపీలోని ‘టి’ ఐచ్ఛికం పంక్తి చివరి గుర్తులను మారుస్తుంది. పేజ్‌మేకర్ ఫైళ్లకు దానిని వాడరాదు. ఏ ఫాంటుతో కూర్చారో డిస్కు మీది చీటీలోనో, రచయితను అడిగో తెలుసుకొని రాసిపెట్టుకోవాలి. ఫాంటు పేరు తెలియకపోతే యూనికోడ్‌లోకి మార్చడం దాదాపు లిపి ఛేదన అంత శ్రమ.

మాకింటోష్ డిస్కులు:

ఎమ్‌టూల్స్ వీటిని చదవలేవు. రాబర్ట్ లెస్లీ రూపొందించిన హెచ్‌ఎఫ్‌ఎస్‌యుటిల్స్ కావాలి. 1.44 ఎంబీ డిస్కులైతే సాధారణ డ్రైవుతోనే పని జరుగుతుంది. 800 కేబీ డిస్కుల సంగతి వేరు. వాటిని రాసేటప్పుడు డ్రైవు తిరిగే వేగం మారుతూ ఉండేది కనుక యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు వాటిని గుర్తించదు. అలాంటి డిస్కును ఖాళీదనుకొని ఫార్మాట్ చేయమని కంప్యూటరు అడిగితే ఒప్పుకోకూడదు.