రౌతు శ్రమ, రౌతు భోజనము

గుఱ్ఱ మెక్కినవానికి శ్రమ యెక్కడిది, శ్రమయంతయు గుఱ్ఱమునకే కదా యని మనలో ననేకులు తలంతురు. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములవారి కిట్టి తలంపు గలుగుట వింత గాదు. మనది కాలువల సీమ. కొల్లేటిలో దోనెయే వాహనము. గుఱ్ఱమన్న మన పెద్దలకు రైలుస్టేషను నొద్దనుండు జట్కాబండి జ్ఞప్తికి వచ్చును. ఆ జట్కాలును దాదాపు కనుమఱుగైనవి.

అయినను కొల్లేటిలో దోనె నడుపువారి నొకమాఱు పరికింపుఁడు. దోనె యూఁగుచుండ వారు నిలువఁబడియే గెడ వేయుదురు. కాళ్లు, నడుము, వెన్ను క్షణక్షణమును సర్దుకొనుచుండును. రౌతు పనియు నట్టిదే. గుఱ్ఱము వేయు ప్రతి యడుగునకును జీను కదలును. ఆ కదలికను నడుముతోను, పొట్ట కండరములతోను, తొడల లోపలి కండరములతోను ఓర్చుకొనవలెను. కళ్లెము పట్టిన చేతులు మాత్రము మెత్తఁగా నుండవలెను. క్రొత్తవారు చేతిబలముతో నిలువఁజూతురు; గుఱ్ఱపు నోరు నొచ్చుటయే దాని ఫలము. ఊరక కూర్చున్నప్పటి కంటె గుఱ్ఱము నడచుచుండఁగా రౌతునకు సుమారు 4 రెట్లు, దౌడు తీయుచుండఁగా 7 రెట్లు శక్తి వ్యయమగునని శాస్త్రజ్ఞుల లెక్క.

ఇంత శ్రమకుఁ దిండి కావలెను. పందెపు గుఱ్ఱములు మోయు బరువునకు లెక్క యుండుటచే, జాకీలలోఁ బలువురు పస్తులుండియు, బలవంతముగాఁ జెమట పట్టించుకొనియు బరువు తగ్గించుకొందురు. దానివలన తల తిరుగుట, ఎముకలు బలహీనమగుట వారిలోఁ గానవచ్చును. మే మెఱిఁగిన బాలుఁ డొకఁడు వేసవి సెలవులలో స్వారీ నేర్వఁబోయి, బరువు తగ్గవలెనని యెవరో చెప్పఁగా విని, మూఁడు దినములు ప్రొద్దుటి భోజనము మానెను. నాలుగవ దినమున కన్నులకుఁ జీఁకట్లు గ్రమ్మి జీనుమీఁదినుండి పడెను, చేయి విఱిగెను. ఎదుగుచున్న పిల్లవానికి అట్టి సలహా యిచ్చినవా రెవరో గాని, వారిమీఁద మాకు నేఁటికిని గోపమే.

స్వారికి రెండు గంటలు ముందుగా ఇడ్డెనలో, రాగిజావయో తేలికగాఁ బుచ్చుకొనుట మేలు. నిండు కడుపుతో నెక్కరాదు. పిదప కండరములు కోలుకొనుటకు మాంసకృత్తులు వలయును. కొల్లేటి కొరమీను తినువారికిఁ గొదువ లేదు. తిననివారికి ఉలవలు గలవు. 100 గ్రాముల ఉలవలలో మాంసకృత్తులు సుమారు 22 గ్రాములు. ఉడికించిన గుగ్గిళ్లను గుఱ్ఱమునకుఁ బెట్టి, ఆ నీటితోఁ జారు కాచుకొనుట మనవారి యలవాటు. చారు రుచియే కాని, సారములో హెచ్చుభాగము గింజలలోనే నిలుచును. కావున గుఱ్ఱపు వంతులో రౌతుకును గుప్పెఁడు గుగ్గిళ్లు దక్కవలెను!

మన యెండలలో అన్నింటికంటె ముఖ్యము నీరు. చెమటతో ఉప్పును బోవును గనుక, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచిది. దాహ మగుదాఁక ఆగక ముందుగానే త్రాగవలెను.

చేయి కుదిరిన పిమ్మట ఆ బాలుఁడు మరల గుఱ్ఱ మెక్కెను. రాగిజావ మానఁడు గాని మజ్జిగ మఱచుచుండును. ఇప్పుడు తల్లియే సీసాలోఁ బోసి పంపుచున్నది.