ఢిల్లీ కబురు, మన జిల్లా కబురు

టీవీలో రోజూ వార్తలు చూస్తాం. ఒకసారి హిందీలో వస్తాయి. ఒకసారి తెలుగులో వస్తాయి. హిందీ వార్తలు ఢిల్లీ నుంచి చదువుతారు. తెలుగు వార్తలు హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి చదువుతారు. రెండూ దూరదర్శన్ వార్తలే.

మరి అంతా ఒక్కచోటి నుంచే చదివితే సరిపోదా? ఇన్ని కేంద్రాలు ఎందుకు? మన జిల్లా సంగతి ఢిల్లీ వాళ్లకు ఎట్లా తెలుస్తుంది? ఢిల్లీ సంగతి మన కేంద్రానికి ఎట్లా అందుతుంది?

ఇవన్నీ తెలుసుకోవాల్సిన సంగతులే. ఎందుకంటే తుపాను వచ్చే రోజున ఎంతోమంది ప్రాణాలు ఈ ఏర్పాటు మీద ఆధారపడి ఉంటాయి.

పాల కేంద్రంతో పోల్చి చూద్దాం

మన ఊళ్లో పాల కేంద్రం ఉంటుంది. పొద్దున్నే అందరూ పాలు తెచ్చి పోస్తారు. ఆ పాలు చిల్లింగ్ సెంటరుకు పోతాయి. అక్కడి నుంచి పెద్ద డెయిరీకి పోతాయి. డెయిరీలో పాలను వేడి చేసి, చల్లబరచి, ప్యాకెట్లు కడతారు. ఆ ప్యాకెట్లు మళ్లీ మన బజారుకే వస్తాయి.

వార్తలు కూడా ఇట్లాగే తిరుగుతాయి. జిల్లాల్లో విలేకరులు ఉంటారు. కెమెరా పట్టుకుని తిరిగేవాళ్లు ఉంటారు. వాళ్లు సంగతులు, బొమ్మలు సేకరించి రాష్ట్ర కేంద్రానికి పంపుతారు. రాష్ట్ర కేంద్రం వాటిలో కొన్నింటిని తెలుగు వార్తల్లో చూపిస్తుంది. దేశమంతా తెలుసుకోదగ్గవి అనుకున్నవి ఢిల్లీకి పంపుతుంది. అట్లాగే ఢిల్లీలో జరిగిన సంగతులు రాష్ట్ర కేంద్రానికి వస్తాయి. అవి తెలుగులోకి మారి మన ఇంటికి చేరతాయి.

పాలకూ వార్తకూ ఇంకో పోలిక ఉంది. ఆలస్యమైతే రెండూ పాడవుతాయి.

ఆకాశంలో ఒక మజిలీ

హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఎంతో దూరం. టీవీ బొమ్మ అంత దూరం ఎట్లా పోతుంది?

భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున మన దేశం ఉపగ్రహాలను నిలిపింది. భూమి తిరిగినంత వేగంగానే అవీ భూమి చుట్టూ తిరుగుతాయి. అందుకే ఎప్పుడు చూసినా ఒకేచోట ఉన్నట్టు ఉంటాయి. టీవీ కేంద్రంలో ఒక పెద్ద గొడుగు లాంటి పళ్లెం ఉంటుంది. దాన్ని డిష్ అంటారు. కేంద్రంలోని యంత్రాలు బొమ్మను, మాటను తరంగాలుగా మారుస్తాయి, ఆ పళ్లెం వాటిని ఉపగ్రహానికి పంపుతుంది. ఉపగ్రహం వాటిని అందుకుని తిరిగి కిందికి పంపుతుంది. కింద ఢిల్లీలో మరో పళ్లెం వాటిని పట్టుకుంటుంది. పైకి వెళ్లి కిందికి రావడానికి రెప్పపాటు కాలమే పడుతుంది.

ఊరి బయట వరద వచ్చిందనుకోండి. అక్కడికి పళ్లెం బిగించిన వ్యాను వెళ్తుంది. అది అక్కడి నుంచే బొమ్మలను ఉపగ్రహానికి పంపగలదు. ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారా కూడా బొమ్మలు పంపుతున్నారు. పూర్వం ఇవేవీ లేవు. తీసిన క్యాసెట్టును బస్సులోనో, రైల్లోనో, విమానంలోనో పంపేవాళ్లు. అది చేరేసరికి వార్త పాతబడేది.

ముందు బొమ్మ వచ్చింది, తర్వాత మన భాష వచ్చింది

మన దేశంలో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. చాలా ఏళ్లు అది పట్నాల ముచ్చటే.

1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఒక పెద్ద ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ల ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు టీవీ చూపించారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని ఊళ్లు కూడా వాటిలో ఉన్నాయి. ఊరంతా ఒక్క టీవీ ముందు కూర్చుని చూసేవాళ్లు.

1977 అక్టోబరు 23న హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది. కానీ తెలుగు వార్తల కోసం ఇంకో ఆరేళ్లు ఆగాల్సి వచ్చింది. 1983 నవంబరు 14న శాంతి స్వరూప్ గారు టీవీలో తొలి తెలుగు వార్తలు చదివారు. ఆ రోజుల్లో ఆయన గొంతు తెలియని తెలుగు ఇల్లు తక్కువ. ఆయన 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

1982 ఆగస్టు 15 నుంచి ఢిల్లీ కార్యక్రమం దేశమంతటికీ ఒకేసారి రావడం మొదలైంది. 1984లో ఎన్నో చిన్న పట్నాల్లో టీవీ టవర్లు లేచాయి. జనం సంతోషించారు. కానీ ఒక చిక్కు వచ్చింది. ఆ చిన్న టవర్లలో చాలా వాటికి ఉపగ్రహం నుంచి ఢిల్లీ కార్యక్రమం ఒక్కటే అందేది. తమ రాష్ట్ర కేంద్రం కార్యక్రమం అందేది కాదు. బొమ్మ కనపడేది గానీ మాట అర్థమయ్యేది కాదు.

రాష్ట్ర కేంద్రాల కార్యక్రమాలను కూడా ఉపగ్రహానికి ఎక్కించాక ఆ చిక్కు తీరుతూ వచ్చింది. 1990ల్లో ఉపగ్రహం ద్వారా తెలుగు చానెల్ మొదలైంది. 2014లో రాష్ట్రం రెండు రాష్ట్రాలైంది. అప్పుడు దూరదర్శన్ తెలుగు చానెళ్లు కూడా రెండయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌కు సప్తగిరి, తెలంగాణకు యాదగిరి. ఢిల్లీలో 2003 నవంబరు నుంచి రాత్రింబవళ్లు వార్తలు చెప్పే డీడీ న్యూస్ నడుస్తోంది.

గడియారం కలవాలి

ఢిల్లీ కేంద్రం, రాష్ట్ర కేంద్రం కలిసి పనిచేయాలంటే ముందు వేళ కుదరాలి. ఏ గంట నుంచి ఏ గంట దాకా ఢిల్లీది, ఏ గంట నుంచి మనది అని ముందే రాసుకుంటారు. ఒక్క నిమిషం తేడా వచ్చినా ఒకరి మాట మధ్యలో ఇంకొకరి మాట వచ్చి పడుతుంది. పూర్వం టీవీలో "అంతరాయానికి చింతిస్తున్నాం" అని అక్షరాలు వచ్చేవి, గుర్తుందా? మధ్యలో ఎక్కడో లింకు తెగితే అట్లా వేసేవాళ్లు.

కొన్ని రోజుల్లో అందరూ ఒక్క బొమ్మే చూపిస్తారు. ఆగస్టు 15న ఎర్రకోట మీద జెండా ఎగరేస్తారు. అది ఢిల్లీ నుంచి దేశమంతటా వస్తుంది. ఇంకో రోజు బొమ్మ మన దగ్గర పుట్టి ఢిల్లీకి పోతుంది. 2023 జూలై 14న చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి ఎగిరింది. శ్రీహరికోట ఉన్నది తిరుపతి జిల్లాలో. ఆ రోజు దేశమంతా మన తీరం వైపే చూసింది.

ఒక్క వార్త, రెండు రకాల అవసరం

ఒక వార్త తీసుకుందాం. 2024 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం వడ్లకు మద్దతు ధర ప్రకటించింది. మామూలు రకానికి క్వింటాలుకు 2,300 రూపాయలు. ఢిల్లీ వార్తల్లో ఇంతవరకు చెప్తారు. దేశంలో రైతులందరికీ అది ఒక్కటే మాట.

కానీ మన రైతు వడ్లను 75 కిలోల బస్తాల్లో లెక్కపెడతాడు. క్వింటాలు అంటే 100 కిలోలు. అంటే బస్తాకు 1,725 రూపాయలు రావాలి. ఈ లెక్క ఎవరు చెప్పాలి? కొనుగోలు కేంద్రం ఎక్కడ పెడతారు? ఎప్పుడు తెరుస్తారు? వడ్లలో తేమ ఎంత ఉండాలి? ఏ కాగితాలు తీసుకుపోవాలి? ఇవి మన తెలుగు వార్తలు చెప్పాలి.

ధర ఎంతో ఢిల్లీ వార్త చెప్తుంది. ఆ ధర చేతికి రావాలంటే ఏం చేయాలో రాష్ట్రం వార్త చెప్తుంది. రెండింట్లో ఏది లేకపోయినా రైతు మోసపోతాడు. ధర తెలియకపోతే దళారి చెప్పిందే ధర. కేంద్రం ఎక్కడుందో తెలియకపోతే ధర తెలిసీ లాభం లేదు.

తుపాను రోజున

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. ప్రభుత్వం లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. అప్పటికి హైదరాబాదు టీవీ కేంద్రం పుట్టి నెల కూడా కాలేదు. దివిసీమ ఊళ్లకు టీవీ అనేదే అందలేదు. తుపాను తర్వాత రోడ్లు, తీగలు తెగిపోయాయి. అక్కడి కబురు బయటికి రావడానికీ సమయం పట్టింది.

1990 మే 9న మళ్లీ కృష్ణా నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లోనే పెద్ద తుపాను తీరం దాటింది. అది కూడా చాలా బలమైన తుపానే. ఈసారి చనిపోయినవాళ్లు 1,000 లోపు. ప్రతి ప్రాణమూ విలువైనదే. అయినా 1977తో పోలిస్తే ఎంత తేడా! హెచ్చరిక ముందుగా అందింది. లక్షమందికి పైగా జనాన్ని ముందే వేరే చోట్లకు తరలించారు. ఈ తేడాకు అది ఒక ముఖ్య కారణం.

హెచ్చరిక ఎట్లా వస్తుందో చూడండి. ఉపగ్రహం పైనుంచి మేఘాల బొమ్మ తీస్తుంది. వాతావరణ శాఖ వాళ్లు దాన్ని చూసి తుపాను ఎటు పోతుందో లెక్క కడతారు. మన తీరం కోసం విశాఖపట్నంలో తుపాను హెచ్చరిక కేంద్రం ఉంది. అక్కడి నుంచి కలెక్టర్లకు, రేవులకు, రేడియోకు, టీవీకి కబురు పోతుంది.

ఢిల్లీ వార్తల్లో "ఆంధ్ర తీరం వైపు తుపాను వస్తోంది" అంటారు. వెంటనే సహాయ దళాలు కదలాలి. రైళ్లు ఆపాలి. పక్క రాష్ట్రాలు సిద్ధం కావాలి. అందుకు ఆ మాట చాలు. కానీ పల్లెకారులకు అది చాలదు. వాళ్లకు ఏ మండలం, ఏ వేళ, ఏ బడిలో తలదాచుకోవాలి, వేటకు పోవాలా వద్దా అని తెలియాలి. అది తెలుగులోనే చెప్పాలి. వాళ్లకు తెలిసిన ఊళ్ల పేర్లతో చెప్పాలి.

రేవుల్లో నంబర్లతో ప్రమాద సూచికలు ఎగరేస్తారు. 1 నుంచి 11 దాకా ఉంటాయి. మొత్తం మీద పెద్ద నంబర్లు పెద్ద ప్రమాదానికి గుర్తు. 10 అంటే చాలా పెద్ద ప్రమాదం. మరి 11 అంటే? హెచ్చరిక కేంద్రంతో రేవుకు సంబంధం తెగిపోయిందని అర్థం. కబురు అందకపోవడాన్నే అన్నిటికన్నా పైన పెట్టారు, చూశారా!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. కరెంటు పోయింది. ఫోన్లు మూగబోయాయి. కరెంటు లేని ఇంట్లో టీవీ ఉన్నా లేనట్టే. అందుకే తీరంలో ఉండేవాళ్లు ఒక చిన్న రేడియో, దానికి బ్యాటరీలు దగ్గర పెట్టుకోవడం మంచిది. హెచ్చరిక వినగానే కదలాలి. చివరి కబురు దాకా ఆగకూడదు.

మన మాట పైకి పోవాలి

ఢిల్లీ వార్తల్లో దేశమంతా ఇమడాలి. మన రాష్ట్రానికి ఒక్కోసారి ఒక నిమిషం కూడా దొరకదు. రాష్ట్రం వార్తల్లో జిల్లాలన్నీ ఇమడాలి. మన ఊరికి వచ్చే వంతు ఇంకా తక్కువ. ఎవరూ చెప్పకపోతే మన ఊరి చెరువు గండి సంగతి ఎవరికీ తెలియదు.

మన చేతిలో ఉన్న పని ఏంటి? సంగతిని సరిగ్గా చెప్పాలి. ఏం జరిగింది? ఎక్కడ? ఎప్పుడు? ఎంతమందికి నష్టం? ఈ నాలుగూ కాగితం మీద రాసి మండలం ఆఫీసుకు, విలేకరికి, టీవీ కేంద్రానికి పంపవచ్చు. విన్నదాన్ని పెంచి రాయకూడదు. ఒకసారి పెంచి చెబితే రెండోసారి నిజం చెప్పినా నమ్మరు.

ఇంకో మాట. టీవీ తెర అడుగున అక్షరాలు వరసగా నడుస్తుంటాయి. తుపాను కబురు, రైళ్ల కబురు చాలాసార్లు ముందుగా అక్కడే కనపడతాయి. చదువు రానివాళ్లకు అవి వట్టి గీతలు. ఇప్పుడు మీకు అవి మాటలు. అక్షరాలు వేగంగా పోతే కంగారు పడొద్దు. అవే మళ్లీ తిరిగి వస్తాయి. రెండోసారి చదవండి. పక్కింటివాళ్లకు కూడా చదివి చెప్పండి.

కొత్త మాటలు
ఉపగ్రహం: మనిషి తయారుచేసి ఆకాశంలోకి పంపిన యంత్రం. భూమి చుట్టూ తిరుగుతుంది.
విలేకరి: వార్తలు సేకరించి పంపే మనిషి.
ఉప్పెన: తుపాను వేళ సముద్రం పొంగి ఊళ్ల మీదికి రావడం.

ఆలోచించండి, మాట్లాడుకోండి
1. ఈరోజు తెలుగు వార్తల్లో ఢిల్లీ సంగతులు ఎన్ని? మన రాష్ట్రం సంగతులు ఎన్ని? లెక్కపెట్టి రాయండి.
2. క్వింటాలు వడ్లు 2,300 రూపాయలైతే 10 బస్తాలకు ఎంత రావాలి?
3. మీ ఊరి సంగతి ఒకటి వార్తల్లో రావాలంటే ఏం రాస్తారు? ఐదు వాక్యాల్లో రాయండి.