మంత్రం నుండి మాటకు: ఆదర్శ వివాహాల్లో నిర్వాహకుని బాధ్యత – కృష్ణాజిల్లా ఎగువ ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:
సంప్రదాయ పౌరోహిత్యం లేకుండా, వధూవరుల అభీష్టాన్ని అనుసరించి జరిగే పెండ్లిని తెలుగువారు ఆదర్శ వివాహమని, దండల పెండ్లి అని, స్టేజి పెండ్లి అని వ్యవహరిస్తున్నారు. ఇటువంటి వివాహాలకు కృష్ణాజిల్లాలో దీర్ఘమైన చరిత్ర ఉంది. ఈ పెండ్లిండ్లలో పురోహితుని స్థానంలో నిలిచే వ్యక్తి చేసే పనులు ఏమిటి, అతడు పలికించే మాటకు చట్టం ఇచ్చే విలువ ఎంత అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. మంత్రాన్ని తొలగించినంత మాత్రాన నిర్వాహకుని భారం తగ్గదనీ, అంతవరకు శాస్త్రమూ ఆచారమూ మోసిన బాధ్యత అతనిపైకి మారుతుందనీ నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: పౌరోహిత్యం, ఆదర్శ వివాహం, వివాహవిధి, త్రిపురనేని రామస్వామి, గోరా, సప్తపది, ప్రత్యేక వివాహ చట్టం.

1. ఉపోద్ఘాతం:
పురోహితుడు అనే మాటకు ముందు నిలుపబడినవాడు అని అర్థం. పెండ్లి పందిట్లో ఇరు కుటుంబాలకు ముందు నిలిచి, ఏ క్రియ తరువాత ఏ క్రియ జరగాలో నిర్ణయించేవాడు అతడే. అతని అధికారానికి మూలం వ్యక్తిగత ప్రతిభ కాదు, పరంపర. ఒకే విధి వందల పెండ్లిండ్లలో ఒకే రీతిగా నడవడం వల్ల, ఆ క్రియ పూర్తయినప్పుడు పెండ్లి అయిందని అందరూ అంగీకరిస్తారు. ఆ విధిని పక్కన పెట్టి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క విధంగా పెండ్లి జరిపించేటప్పుడు ఈ అంగీకారం ఎక్కడి నుండి రావాలి? ఆదర్శ వివాహాన్ని నిర్వహించే ప్రతి వ్యక్తికీ ఎదురయ్యే మౌలిక ప్రశ్న ఇది.

2. పౌరోహిత్యంలోని వైవిధ్యం:
తెలుగునాట పెండ్లికి ఒకే విధమైన పౌరోహిత్యం ఏనాడూ లేదు. వైదిక పురోహితులతో పాటు జంగములు, సాతానులు, దాసరులు తమ తమ శిష్యవర్గాల ఇండ్లలో వివాహాలు జరిపిస్తూ వచ్చారు. మాలల పెండ్లిండ్లకు మాలదాసరులు పౌరోహిత్యం వహించారు. అంటే పురోహితుడు మారితే పెండ్లి చెల్లదనే భావన సమాజమంతటికీ వర్తించినది కాదు.

వివాహ క్రియల్లోనూ ఈ వైవిధ్యం కనిపిస్తుంది. తెలుగువారు సుముహూర్తంగా భావించేది వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర, బెల్లం ఉంచే క్షణాన్ని. గృహ్యసూత్రాల్లో ప్రాధాన్యం ఉన్నది పాణిగ్రహణానికి, హోమానికి, సప్తపదికి. తలంబ్రాలు, మంగళసూత్రధారణ వంటివి ప్రాంతీయాచారాలతో పెనవేసుకొని స్థిరపడ్డాయి. వివాహ వ్యవస్థ పరిణామాన్ని తాపీ ధర్మారావు ‘పెళ్ళి – దాని పుట్టుపూర్వోత్తరాలు’ అనే గ్రంథంలో చర్చించారు. పెండ్లి తంతు కాలానుగుణంగా మారుతూ వచ్చిందన్న ఎరుక సంస్కర్తలకు బలమైన ఆధారమైంది.

3. మూడు మార్పులు:
తెలుగునాట వివాహ సంస్కరణను మూడు దశలుగా పరిశీలించవచ్చు. మొదటి దశలో ప్రశ్న ‘పెండ్లి ఎవరికి’ అన్నది. రెండవ దశలో ‘ఏ భాషలో’ అన్నది. మూడవ దశలో ‘దేని సాక్షిగా’ అన్నది.

3.1. ఎవరికి:
కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహాన్ని జరిపించారు. ఆయన మార్చదలచినది తంతును కాదు. ఆ తంతుకు అర్హులెవరన్న నిర్ణయాన్ని. అప్పటికే 1856 నాటి హిందూ వితంతు పునర్వివాహ చట్టం, కన్యకు జరిగే వివాహంలో ఏ మాటలు, ఏ క్రియలు చాలునో అవే వితంతువు వివాహానికీ చాలునని స్పష్టం చేసింది. చట్టం అండగా ఉన్నా, బహిష్కరణకు వెరవక మంత్రం చదివే పురోహితుని సంపాదించడం సంస్కర్తలకు కష్టమైంది. నిర్వాహకుని కొరతే సంస్కరణకు అడ్డంకి కాగలదని ఈ దశ తెలియజేస్తుంది.

3.2. ఏ భాషలో:
కృష్ణాజిల్లా అంగలూరులో జన్మించిన త్రిపురనేని రామస్వామి (1887–1943) ఈ అడ్డంకిని మరొక విధంగా దాటారు. ఆయన ‘వివాహవిధి’ అనే పేరుతో పెండ్లి తంతును తెలుగులో రచించి, తానే ముందు నిలిచి అనేక వివాహాలు జరిపించారు. వధూవరులకు అర్థం కాని భాషలో ప్రమాణం చేయిస్తే అది వారి ప్రమాణం ఎట్లవుతుందన్నది ఈ మార్పు వెనుకనున్న తర్కం. కన్యను దానవస్తువుగా భావించే కన్యాదాన ప్రక్రియను, వధువుకు సోముడు, గంధర్వుడు, అగ్ని పూర్వపతులని చెప్పే ఋగ్వేద వివాహసూక్త భాగాన్ని హేతువాదులు తరచుగా విమర్శించారు. మాటకు అర్థం తెలిసిన తరువాతనే దానిని అంగీకరించడమో నిరాకరించడమో సాధ్యమవుతుంది. ఈ దృష్టితో చూస్తే తెలుగు తంతు అనువాద ప్రయత్నం మాత్రమే కాదు; వధూవరుల సమ్మతికి చోటు కల్పించే ప్రయత్నం. రామస్వామి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివిన బారిస్టరు కావడం ఇక్కడ గమనార్హం.

3.3. దేని సాక్షిగా:
గోపరాజు రామచంద్రరావు (గోరా, 1902–1975) 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. 1947లో అది విజయవాడకు తరలింది. తన కుమార్తె మనోరమను దళిత యువకుడైన అర్జునరావుకు ఇచ్చి పెండ్లి చేయదలచినప్పుడు, ఆ వివాహాన్ని సేవాగ్రామంలో తాను జరిపిస్తానని గాంధీజీ అంగీకరించారు. గోరా నాస్తికుడు కనుక ప్రమాణంలో దేవుని పేరుకు బదులు సత్యం పేరు ఉంచడానికీ ఆయన సమ్మతించారు. గాంధీజీ హత్యానంతరం, 1948 మార్చిలో, ఆ పెండ్లి సేవాగ్రామంలోనే జరిగింది. వ్యక్తుల విశ్వాసానికి తగినట్లు వివాహవాక్యాన్ని సవరించడమంటే ఏమిటో ఈ ఉదంతం చూపుతుంది. గాంధీజీ తన విశ్వాసాన్ని వదులుకోలేదు. దానిని వధూవరులపై మోపనూ లేదు. 1960లో గోరా కుమారుడు లవణం, మహాకవి గుఱ్ఱం జాషువ కుమార్తె హేమలతను వివాహమాడడం ఈ కుటుంబంలో కులాంతర వివాహ పరంపరను కొనసాగించింది.

4. నిర్వాహకుని పని:
ఆదర్శ వివాహ వేదికపై నిర్వాహకుని సాధారణంగా సభాధ్యక్షుడని పిలుస్తారు. ఈ పిలుపులోనే ఒక ప్రమాదం దాగి ఉంది. పెండ్లి సభగా మారినప్పుడు ఉపన్యాసాలు పెరిగి, వధూవరులు శ్రోతలుగా మిగిలిపోతారు. అర్థం కాని మంత్రం స్థానంలో వారికి సంబంధించని ప్రసంగం చేరితే మార్పు ప్రయోజనం నెరవేరదు.

కనుక నిర్వాహకుని పనిలో అధికభాగం వేదిక ఎక్కకముందే జరగవలసి ఉంటుంది. మొదటిది, వధువుతోను వరునితోను విడివిడిగా మాట్లాడడం. ఇద్దరూ ఒకేచోట, పెద్దల సమక్షంలో ఉన్నప్పుడు ‘నీకు ఇష్టమేనా’ అన్న ప్రశ్నకు వచ్చే సమాధానం పూర్తి సమాధానం కాకపోవచ్చు. రెండవది, ఏ క్రియ ఉంచాలో, ఏది వదలాలో తేల్చడం. వధూవరులు దండలతో సరిపెట్టుకుందామన్నా, తల్లి జీలకర్ర బెల్లమైనా ఉండాలని కోరవచ్చు. ఇక్కడ నిర్వాహకుని సిద్ధాంతానికి కాక, జంట నిర్ణయానికి ప్రాధాన్యం ఉండాలి. కన్యాదానం వద్దనుకున్నవారు ఇరువైపుల తల్లిదండ్రులనూ వేదికపైకి పిలిచి సమ్మతి పలికించవచ్చు. మూడవది, ప్రమాణ వాక్యాన్ని వారి మాటల్లోనే కూర్చడం. వాక్యం చిన్నదిగా, నోరు తిరిగేదిగా, పందిరి చివరి వరుసకు వినిపించేదిగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా వరుడు పలికిన ప్రమాణమే వధువూ పలకాలి.

5. చట్టం దృష్టిలో మాట విలువ:
ఇంతవరకు సమాజాంగీకారం. చట్టాంగీకారం వేరు. హిందూ వివాహ చట్టం (1955) 7వ సెక్షన్ ప్రకారం వివాహం వధూవరులలో ఒకరి ఆచార క్రియలననుసరించి జరగాలి. ఆ క్రియల్లో సప్తపది ఉంటే, ఏడవ అడుగుతో వివాహం పూర్తయి బంధకమవుతుంది. ఆచారమంటే దీర్ఘకాలం ఎడతెగక, ఒకే రీతిగా పాటింపబడినదని ఆ చట్టమే నిర్వచించింది. ఒక జంట కోసం ప్రత్యేకంగా కూర్చిన తంతు ఈ నిర్వచనానికి సులభంగా లొంగదు. ‘భావురావు శంకర్ లోఖండే’ కేసులో (1965) వివాహం జరగడమంటే తగిన క్రియలతో, తగిన రూపంలో జరగడమేనని సుప్రీంకోర్టు వివరించింది. క్రియలు జరగని పెండ్లికి కేవలం రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం వివాహ హోదా ఇవ్వదని 2024లో ‘డాలీ రాణి’ కేసులో మరల స్పష్టం చేసింది.

తమిళనాడులో ఆత్మగౌరవ వివాహాలకు ఈ చిక్కు లేదు. 1967 నాటి సవరణ 7-ఎ సెక్షన్‌ను చేర్చి, బంధుమిత్రుల సమక్షంలో వధూవరులు తమకు అర్థమయ్యే భాషలో పరస్పరం స్వీకరించినట్లు ప్రకటించినా, దండలు లేదా ఉంగరాలు మార్చుకున్నా, తాళి కట్టినా చాలునన్నది. ఆంధ్ర 1953లోనే మద్రాసు రాష్ట్రం నుండి విడిపోయినందున ఆ సవరణ మనకు వర్తించదు. ఫలితంగా, రామస్వామి తెలుగు తంతు రచించిన ఈ గడ్డపై దండల పెండ్లికి అటువంటి ప్రత్యేక రక్షణ లేదు.

ఈ లోటు భారం తరచుగా స్త్రీపై పడుతుంది. భర్త మరొక పెండ్లి చేసుకున్నప్పుడో, ఆస్తి తగాదా వచ్చినప్పుడో, తొలి వివాహంలో ఏ క్రియ జరిగిందో నిరూపించవలసిన అవసరం ఏర్పడుతుంది. వేదికపై సమానత్వం గురించి చేసిన ప్రసంగం అప్పుడు సాక్ష్యంగా నిలవదు.

దీనికి స్పష్టమైన మార్గం ప్రత్యేక వివాహ చట్టం (1954). నోటీసు ఇచ్చే జిల్లాలో ఇద్దరిలో ఒకరైనా అంతకుముందు 30 రోజులు నివసించి ఉండాలి. నోటీసు ప్రకటించిన తరువాత 30 రోజులు ఆక్షేపణలకు గడువు. నోటీసు ఇచ్చిన నాటి నుండి మూడు నెలల్లో వివాహం జరగాలి. 12వ సెక్షన్ ప్రకారం పెండ్లిని కోరుకున్న ఏ రూపంలోనైనా జరుపుకోవచ్చు. అయితే వివాహాధికారి, ముగ్గురు సాక్షుల ఎదుట, ఇరువురూ తమకు అర్థమయ్యే భాషలో ఒకరినొకరు చట్టబద్ధంగా స్వీకరిస్తున్నామని చెప్పుకోవాలి. తెలుగు ‘వివాహవిధి’ వెనుకనున్న తర్కం, అంటే అర్థమయ్యే భాషలో పరస్పర సమ్మతి, ఇక్కడ చట్టం విధించే షరతు అయింది. ఇరువురూ హిందువులైతే 1976లో చేరిన 21-ఎ సెక్షన్ వల్ల వారసత్వ విషయంలో హిందూ వారసత్వ చట్టమే వర్తిస్తుంది.

6. ఎగువ కృష్ణా ప్రాంతంలో అన్వయం:
వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి పేరిట నెలకొల్పిన జగ్గయ్యపేట, దాని పొరుగున ఉన్న నందిగామ 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. వేదాద్రి నరసింహస్వామి కల్యాణం, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ, గోపయ్యల కల్యాణం వంటి దైవ వివాహాలను ఏటా తిలకించే ప్రజలకు పెండ్లి అంటే ఊరంతా చూసే ఉత్సవం. ఇక్కడి ఆదర్శ వివాహ నిర్వాహకుడు ఈ ఉత్సవ భావాన్ని తోసిపుచ్చకుండా పని చేయవలసి ఉంటుంది. ఊరివారి సాక్ష్యం కూడా బలమైన సాక్ష్యమే.

ఈ ప్రాంతం తెలంగాణ సరిహద్దున ఉంది. ఒకప్పుడు కృష్ణాజిల్లాలో భాగమైన మునగాల పరగణా నేడు ఆవలి రాష్ట్రంలో ఉంది. జగ్గయ్యపేట వరునికీ కోదాడ వధువుకూ పెండ్లి కుదిరితే, నివాస నియమాన్ని అనుసరించి ఇటు గాని అటు గాని నోటీసు ఇవ్వవచ్చు. ముప్పై రోజుల గడువును లెక్కించకుండా శుభలేఖలు అచ్చువేస్తే, వేదికపై పెండ్లి ముందు, చట్టబద్ధమైన పెండ్లి తరువాత జరుగుతాయి. రెండవది వాయిదా పడుతూ చివరకు జరగకుండా పోయే అవకాశమూ ఉంటుంది. కనుక తేదీ అడిగిన రోజుననే నోటీసు సంగతి చెప్పడం నిర్వాహకుని ప్రథమ కర్తవ్యం. హిందూ వివాహ చట్టం కిందనే పెండ్లి కావాలనుకునేవారికి, తమ ఇంటి ఆచార క్రియలను పూర్తిగా జరిపి, వాటికి తెలుగు వివరణను జోడించుకోవడం క్షేమం. ఆంధ్రప్రదేశ్ నిర్బంధ వివాహ నమోదు చట్టం (2002) ప్రకారం ఏ పద్ధతిలో జరిగిన పెండ్లినైనా నమోదు చేయించాలి.

7. ముగింపు:
• వీరేశలింగం, రామస్వామి, గోరా తెచ్చిన మార్పులు క్రమంగా అర్హతను, భాషను, సాక్ష్యాన్ని స్పృశించాయి. వీటన్నిటికీ కేంద్రం వధూవరుల సమ్మతి.
• తంతును జంటకు తగినట్లు మలచడమంటే తగ్గించడం కాదు. ప్రతి మాటకూ అర్థం, ప్రతి క్రియకూ కారణం చెప్పగలగడం.
• తెలుగు రాష్ట్రాల్లో 7-ఎ వంటి సెక్షన్ లేనంతకాలం, ప్రత్యేక వివాహ చట్టం గాని, సంపూర్ణంగా జరిపిన ఆచార క్రియ గాని దండల పెండ్లికి ఆధారం కావాలి.
• నిర్వాహకుడు వేదికపై పలికించే ప్రమాణం ఆ సాయంత్రానికి అందాన్నిస్తుంది. అంతకుముందు అతడు దగ్గరుండి ఇప్పించిన నోటీసు ఆ జంటకు, ముఖ్యంగా వధువుకు, జీవితాంతం రక్షణనిస్తుంది. ఈ రెండింటినీ ఒకే పనిగా భావించినప్పుడే ఆదర్శ వివాహం ఆ పేరుకు తగినదవుతుంది.