కనుల కదలికతో మనోగాయానికి చికిత్స

బస్సు బోల్తాపడి కాలు విరిగినవానికి కట్టు కట్టి కొన్ని వారాలకు నడిపింపవచ్చును. అదే బస్సు నుండి చిన్న గీతయైనా పడక బయటపడినవాడు, ఏడాది గడచినా హారన్ మోతకు ఉలిక్కిపడుట, నిద్రలో కేకలు వేయుట, ఆ దారిన పోనని భీష్మించుట కద్దు. ఇంటివారు "జరిగినదేదో జరిగినది, మరచిపో" అందురు. మరువగలిగిన ఏనాడో మరచియుండును గదా!

ఇట్టివారికి ‘ఇ.ఎం.డి.ఆర్.’ అను చికిత్స కలదు. ఫ్రాన్సిన్ షపీరో అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు 1987లో ఉద్యానవనమున నడచుచు, కన్నులు అటునిటు కదలినపుడు బాధాకరమైన తలపుల తీవ్రత తగ్గుట గమనించినది. 1989లో తన పరిశోధనను ప్రకటించినది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ దీనిని సిఫారసు చేసినది.

ఇందు ఎనిమిది దశలున్నవి. రోగి వృత్తాంతము తెలిసికొని, అతని మనస్సును సిద్ధపరచి, ఏ జ్ఞాపకమునకు చికిత్స చేయవలెనో నిర్ణయించిన పిదపనే కన్నుల పని మొదలగును. రోగి ఆ దృశ్యమును తలచుకొనుచు, చికిత్సకుడు ఎడమకు కుడికి కదల్చు వ్రేళ్లను చూపుతో అనుసరించును. కొన్ని క్షణములకు ఆపి, ఏమి తోచినదో అడుగుదురు. బాధ ఎంతయో సున్న నుండి 10 వరకు అంకెలో చెప్పింతురు. ఒక్కొక్క పర్యాయము 60 నుండి 90 నిమిషములు పట్టును. ఇది హిప్నాటిజము కాదు. రోగి మెలకువతోనే యుండును. జ్ఞాపకము చెరగదు, దాని కాటు తగ్గును.

కారణమేమి? దృశ్యమును తలచుట, వ్రేళ్లను అనుసరించుట అను రెండు పనులు ఒకేసారి పైబడగా మనస్సుకు చాలినంత శక్తి లేక దృశ్యము మసకబారునని ఒక వివరణ. మనస్సు అణువు, ఏకము అని చరక సంహిత శారీరస్థానము చెప్పుట ఇచట స్మరణీయము. అంతమాత్రమున ఈ చికిత్స మనవారికి ముందే తెలియునని చెప్పుట నాకు సమ్మతము కాదు. కన్నుల కదలిక అవసరమే లేదు, ధైర్యముగా జ్ఞాపకమును ఎదుర్కొనుటయే మందు అను పండితులును గలరు. ఆ వాదము నేటికీ తేలలేదు.

గృహస్థులకు ఒక్క హెచ్చరిక. వ్రేళ్లాడించుటయే గదా యని ఇంట ప్రయత్నింపరాదు. పుండు కెలకుట సులభము, కట్టుట కష్టము. రాత్రి అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దనము, వేళకు నిద్ర, జరిగినది చెప్పుమని వేధింపకుండుట ఇవి మీ చేతిలోనివి. వైద్యుడిచ్చిన మాత్రలను స్వయముగా మానిపింపరాదు. నెల దాటినను లక్షణములు తగ్గనిచో మానసిక వైద్యుని కలిసి, ఈ చికిత్సలో శిక్షణ పొందినవారెవరో అడుగుడు. మూర్ఛవ్యాధి, కంటిజబ్బు ఉన్నచో ముందే చెప్పవలెను.