తెల్లని ‘సముద్రపు పువ్వు’ పస్తులున్నదే!

పువ్వులా విచ్చుకున్నా సీ ఎనిమోన్ పువ్వు కాదు, జంతువు. విశాఖ తీరపు రాళ్ల గుంటల్లో ఆటు వేళ వీటిని చూడవచ్చు. ఇంట ఉప్పునీటి తొట్టెలో చేపలు పెంచేవారు ఎక్కువగా కొనేది స్పర్శకాల కొసలు బుడగల్లా ఉబ్బే ‘బబుల్ టిప్’ రకం. మల్లెపువ్వులా తెల్లగా ఉన్నదానికే చాలామంది ముచ్చటపడతారు. నిజానికి ఒంట్లో ఉండి తిండి పెట్టే నాచు పోయినందువల్ల వచ్చిన తెలుపది. కంటికి అంతగా ఆనకపోయినా గోధుమ వన్నెదే బతికి బట్టకడుతుంది.

తొట్టె పెట్టి ఆరు నెలలైనా నిండనిదే దీన్ని తేరాదు. నచ్చిన చోటు దొరికేదాకా ఇది పాకుతూనే ఉంటుంది. పంపు నోటికి స్పాంజి కట్టకపోతే రాత్రికి రాత్రే అందులో చిక్కి ఛిద్రమై, నీటిని పాడుచేసి చేపలనూ చంపవచ్చు. ఇక రాళ్లతో పాటు పిలవని చుట్టంలా వచ్చే చిన్న ‘ఐప్టేసియా’ను గీకరాదు, తెగిన ముక్క మళ్లీ మొలుస్తుంది.