సైకోబిల్లీ కచేరీలో ఒక రాత్రి

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, లండన్‌లో చదువుకొచ్చిన పూర్వ విద్యార్థి కాబట్టి థేమ్స్ వంతెన గురించో, బ్రిటిష్ మ్యూజియం గురించో రాస్తాడని ఆశించి వుంటారు. అవి చూసినవాళ్ళు చాలామంది రాశారు. నేను మాత్రం సైకోబిల్లీ అనే సంగీతం గురించీ, 2018 నవంబరులో అది వినడానికి వెళ్ళి కళ్ళజోడు విరగ్గొట్టుకున్న ఒక రాత్రి గురించీ రాస్తాను. పేరు చూసి భయపడవద్దని పాఠకులకు మనవి. నేనూ భయపడ్డాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు, ఈ సైకోబిల్లీ అంటే ఏమిటి? అది తెలియాలంటే రాకబిల్లీ తెలియాలి. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో తెల్లవారి పల్లెపాటలూ, నల్లవారి బ్లూస్ పాటలూ కలిసి 1950లలో పుట్టిన జోరైన సంగీతం రాకబిల్లీ. 1954 జూలైలో మెంఫిస్ నగరంలో సన్ రికార్డ్స్ కోసం ఎల్విస్ ప్రెస్లీ పాడినప్పుడు ఆ గదిలో డ్రమ్ములు లేవు. స్కాటీ మూర్ గిటారు వాయించాడు, బిల్ బ్లాక్ డబుల్ బేస్ వాయించాడు. మరి తాళం ఎవరు వేశారు? ఆ బేసే వేసింది!

ఇందులోనే అసలు కిటుకు వుంది. డబుల్ బేస్ అంటే మనిషంత ఎత్తుండే వయొలిన్ లాంటి వాయిద్యం. దాని తీగను వేళ్ళతో పక్కకు లాగి వదిలితే అది వెనక్కు వచ్చి కింద చెక్కకు ఠప్పున కొట్టుకుంటుంది. వెంటనే అరచేత్తో చెక్క మీద చరిస్తే ఇంకో దెబ్బ. అంటే ఒకే మనిషి, ఒకే వాయిద్యం మీద స్వరమూ పలికిస్తాడు, తాళమూ వేస్తాడు. దీన్ని స్లాప్ అంటారు. మన మృదంగం తాళవాద్యమై వుండి శ్రుతి పలికితే, ఇది శ్రుతివాద్యమై వుండి తాళం వేస్తుందన్నమాట. గంటసేపు ఇలా వాయిస్తే వేళ్ళు పొక్కిపోతాయి. అందుకే చాలామంది వాద్యకారులు వేళ్ళకు టేపు చుట్టుకుంటారు. ఈ టేపు సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

సైకోబిల్లీ అన్న మాట 1976లో జానీ క్యాష్ పాడిన ఒక హాస్యగీతంలో వచ్చింది. కార్ల ఫ్యాక్టరీ కార్మికుడొకడు ఒక్కొక్క విడిభాగం చొప్పున ఇంటికి దొంగిలించుకుపోయి, చివరికి వేర్వేరు సంవత్సరాల ముక్కలతో ఒక వింత కారు తయారుచేసుకుంటాడు. ఆ కారుకు తగిలించిన విశేషణం అది. ఆ రోజుల్లోనే న్యూయార్కులో క్రాంప్స్ అనే బృందం తమ ప్రకటన కాగితాల మీద ఆ మాట వాడుకుంది. అయితే దాన్ని ఒక సంగీతశాఖగా నిలబెట్టింది 1980లో లండన్‌లో మొదలైన మీటియర్స్ బృందం. పాల్ ఫెనెక్ గిటారు, నైజెల్ లూయిస్ డబుల్ బేస్, మార్క్ రాబర్ట్‌సన్ డ్రమ్ములు. పాత రాకబిల్లీకి పంక్ సంగీతపు వేగం తగిలించి, ప్రేమపాటల స్థానంలో దయ్యాలూ, శవాలూ, చవకబారు భయానక చిత్రాల కథలూ పెట్టారు. పాతకాలపు రాకబిల్లీ అభిమానులకు పంక్ వాసన గిట్టలేదు, పంక్ వాళ్ళకు పాతవాసన గిట్టలేదు. రెండిళ్ళకూ కాని పిల్లలు తమకంటూ ఒక ఇల్లు వెతుక్కున్నారు. లండన్ హామర్‌స్మిత్‌లో క్లారెండన్ హోటల్లో 1982 నుంచి 1988 దాకా నడిచిన క్లబ్ ఫుట్ ఆ ఇల్లు. 1988లో ఆ భవనాన్ని కూల్చేశారు. సంగీతం మాత్రం డెన్మార్కుకూ, జర్మనీకీ, అమెరికాకూ పాకిపోయింది. డెన్మార్కు నెక్రోమాంటిక్స్ బృందంలో బేస్ శవపేటిక ఆకారంలో వుంటుందంటే ఇక వీళ్ళ హాస్యం ఎలాంటిదో చెప్పనక్కర్లేదు.

నాకీ పిచ్చి మన హాస్టల్లోనే అంటుకుంది. ఒక సీనియర్ అన్న హార్డ్ డిస్కులో మీటియర్స్ పాటలు దొరికాయి. రెండేళ్ళు చెవిలో పెట్టుకునే తిరిగాను. తీరా లండన్ చేరాక వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. కారణం చెబుతాను. చేరిన రెండో నెలలో ఒక రాత్రి బస్సులో గుండు చేయించుకున్న ఒకతను నా ముఖం మీదికి వంగి, మీ దేశం పొమ్మన్నాడు. బస్సులో ఎవరూ నోరు మెదపలేదు. ఆ తర్వాత సాయంత్రం ఆరు దాటితే గది దాటేవాణ్ణి కాదు. సైకోబిల్లీ అభిమానుల వేషం చూస్తే తల పక్కలు నున్నగా గొరిగించి, మధ్యలో జుట్టు కోడిపుంజు జుట్టులా నిలబెట్టి, బరువైన బూట్లు, చేతుల నిండా పుర్రెల పచ్చబొట్లు! ఇక నా గుండె ఎక్కడుంటుంది?

అయినా వెళ్ళాను. గదిలో ఒక్కణ్ణే కూర్చుని కూర్చుని విసుగెత్తి వెళ్ళాను. ఉత్తర లండన్‌లో ఒక పబ్బు వెనక హాలు, రెండు వందల మంది జనం, పెద్ద పేరులేని ముగ్గురు వాద్యకారులు. మొదటి పాటకే బేస్ దెబ్బ చెవికంటే ముందు పక్కటెముకలకు తగిలింది. వేదిక ముందు జనం చేతులు విసురుతూ, ఒకరినొకరు గుద్దుకుంటూ గుండ్రంగా తిరుగుతున్నారు. దీన్ని రెకింగ్ అంటారు. దూరం నుంచి చూస్తే కొట్లాటే. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నాలుగో పాటకు కాళ్ళు ఆగలేదు, దిగిపోయాను.

అరనిమిషంలో కింద పడ్డాను. కళ్ళజోడు ఎగిరిపోయింది. అది లేకపోతే నాకు లోకమంతా మసక. నా చుట్టూ బూట్లు మాత్రం కనిపించాయి. అయిపోయింది మన పని అనుకున్నాను. అంతలో ఒక భారీ మనిషి నా మీద గొడుగులా వంగి రెండు చేతులూ చాపాడు. ఇద్దరు చంకలు పట్టి లేపారు. ఇంకొకతను నేల తడిమి కళ్ళజోడు తీసి పైకెత్తి పట్టుకున్నాడు. పాట ఆగలేదు. నా చుట్టూ మాత్రం ఖాళీ ఏర్పడింది. పడ్డవాణ్ణి లేపడం అక్కడ నియమమట. ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు. మీటియర్స్ కాలం నుంచీ రాజకీయాలు గుమ్మం బయటే వదిలి రావాలన్నది వీళ్ళలో ఇంకో ఆనవాయితీ.

కచేరీ అయ్యాక, విరిగిన కళ్ళజోడు పుల్ల చేత్తో పట్టుకుని నిలబడితే బేస్ వాయించినతను చూసి పిలిచాడు. తన వేళ్ళకు చుట్టుకునే టేపు చించి ఆ పుల్లకు చుట్టి ఇచ్చాడు. అతని వేళ్ళు రెండు చోట్ల చిట్లి వున్నాయి. "రేపటికి ఆగుతుందిలే" అన్నాడు. నాలుగు నెలలు ఆగింది.

మర్నాడు అమ్మ ఫోను చేసింది.

"ఏరా, గొంతు బొంగురుపోయిందేం?"

"కచేరీకి వెళ్ళానమ్మా."

"మంచి పని చేశావు. ఎవరిది, గాత్రమా, వీణా?"

"బేస్ అమ్మా. అదో పెద్ద వయొలిన్."

అమ్మ సంతోషించింది. నేను అబద్ధమైతే ఆడలేదు.

ఆ గుంపులో అందరూ మంచివాళ్ళేనని నేననను. బస్సులో జరిగిందీ నిజమే, హాల్లో జరిగిందీ నిజమే. గొరిగిన తల చూసి మనిషిని నిర్ణయించడం మాత్రం ఆ రాత్రితో మానుకున్నాను. సాయంత్రం ఆరు దాటాక గది తలుపు తీసుకుని బయటికి వెళ్ళడం ఆ రాత్రితోనే మళ్ళీ మొదలుపెట్టాను. టేపు చుట్టిన ఆ కళ్ళజోడు ఇప్పటికీ నా బల్ల సొరుగులో వుంది.